డ్యూన్ రెండో భాగం: విజువల్స్ కథను మింగేశాయా? (స్పాయిలర్లు ఉన్నాయి)

మల్కాజిగిరి_మ్యాట్నీ:

డ్యూన్ పార్ట్ టూ, అదే అరాకిస్ అనే ఎడారి గ్రహం మీద జరిగే సైన్స్ ఫిక్షన్ సినిమా, ఈ మధ్య ఇంట్లో మళ్లీ చూశాను. అప్పటి నుంచి ఒక ప్రశ్న బుర్రలో తిరుగుతోంది, ఇక్కడ సినిమాని గట్టిగా పట్టించుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. 2024 మార్చిలో రిలీజైనప్పుడు కజిన్స్ అందరం కలిసి ప్రసాద్స్‌లో పెద్ద తెర మీద చూశాం. హార్కొనెన్ వంశం చేతిలో తండ్రిని పోగొట్టుకుని ఎడారిలో తలదాచుకున్న పాల్ మొదటిసారి ఇసుక పురుగు ఎక్కే సీన్ గుర్తుంది కదా. థంపర్ (పురుగుని రప్పించే యంత్రం) దడదడ కొట్టుకుంటూ ఉంటుంది, ఎక్కడో దూరంగా ఇసుక పొంగుతూ మీదికి వస్తుంది, పాల్ నిలబడ్డ దిబ్బ కాళ్ల కింద నుంచే కూలిపోతుంది, ఆ తర్వాత తెరంతా ఇసుక, హోరు తప్ప ఇంకేమీ లేదు. కొక్కాలు గుచ్చి, పట్టు దొరికించుకుని, ఆ పురుగు మీద లేచి నిలబడగానే హాలంతా ఈలలు. మన పెద్ద హీరో ఇంట్రోకి ఎలా పడతాయో అలాగే. నేనూ వేశాను.

క్లైమాక్స్‌కి వచ్చేసరికి అదే పాల్ చక్రవర్తి కూతుర్ని పెళ్లి చేసుకుంటానంటాడు, గ్రేట్ హౌసెస్ (మిగతా రాజవంశాలు) తనని ఒప్పుకోవని తెలియగానే ఫ్రెమెన్ (ఆ ఎడారి జనం) సైన్యాన్ని వాళ్ల మీదికి పంపిస్తాడు, అతను ప్రేమించిన ఫ్రెమెన్ అమ్మాయి చానీ ఒక్కతే వెళ్లిపోతుంది. హాల్లో ఎవరూ ఉలకలేదు, పలకలేదు. బయటికొచ్చాక పార్కింగ్‌లో మా బావ అడిగాడు, "వాడు గెలిచాడు కదరా, మరి ఆ పిల్లకి అంత కోపం ఎందుకు?" అని. అక్కడున్న ఎవరం సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం.

నా ప్రశ్న ఇదీ. పాల్ హీరో కాదు, అతని వల్ల ప్రమాదం అని చెప్పడమే డెనీ విల్నవ్ ఉద్దేశమైతే, 166 నిమిషాల సినిమాలో అతన్ని అంత ఎత్తులో, అంత అందంగా ఎందుకు చూపించాడు? ఆ ఫ్రేములు, హాన్స్ జిమ్మర్ బీజీఎం, ఆ దిబ్బల మీద ఎండ, అన్నీ కలిసి "వీడే మన దేవుడు" అంటుంటే, చివరి పది నిమిషాల్లో ఒక అమ్మాయి మొహం చూపించి కాదంటే ఎవరికి ఎక్కుతుంది? నా వరకు విజువల్స్ కథని మింగేశాయనే అనిపిస్తోంది. కాదనేవాళ్లు ఎక్కడెక్కడ కాదో సీన్లతో చెప్పండి, "అదొక ఎక్స్‌పీరియన్స్ బ్రో" అని వదిలెయ్యకండి.

నల్లకుంట_లెన్స్:

అన్నా, సీన్‌తోనే చెప్తా. హార్కొనెన్‌ల గ్రహం గీడీ ప్రైమ్ మీద అరీనా సీన్, అంటే వాళ్ల వారసుడు ఫెయిడ్ రౌథా పుట్టినరోజు పోరాటం. దాన్ని మామూలు రంగుల్లో తీసి తర్వాత బ్లాక్ అండ్ వైట్ చేయలేదు. సినిమాటోగ్రాఫర్ గ్రెగ్ ఫ్రేజర్ దాన్ని ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే మన కంటికి కనపడని కిరణాలతో తీశాడు. డిజిటల్ కెమెరాలో సెన్సార్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. దాన్ని తీసేసి, మన కంటికి కనపడే వెలుతురునే ఆపేశారు. ఇన్‌ఫ్రారెడ్ చర్మం లోపలికి కాస్త దిగి వెనక్కి వస్తుంది, అందుకే ఫెయిడ్‌గా వేసిన ఆస్టిన్ బట్లర్ ఒళ్లు మైనం పోసినట్టు, లోపల నరాలు లేనట్టు కనపడుతుంది, కళ్లు మాత్రం నల్లటి గుంటలు. మామూలు వెలుతురులో నల్లగా ఉన్న బట్టలు కొన్ని ఆ కెమెరాలో తెల్లగా వస్తాయి, అందుకని కాస్ట్యూములన్నీ ముందే టెస్ట్ చేసుకోవాల్సి వచ్చింది. ఇదంతా గొప్ప కోసం చేసింది కాదు. ఆ గ్రహం మీద సూర్యుడే నల్లటివాడు, ఆ ఎండలోకి వచ్చిన ప్రతిదానికీ రంగు పోతుంది, గదుల్లోకి వెళ్తే మళ్లీ రంగులొస్తాయి. ఆకాశంలో పేలే బాణసంచా కూడా సిరా మరకల్లా ఉంటుంది. ఆ జనం ఎలాంటివాళ్లో ఒక్క డైలాగ్ లేకుండా అర్థమవుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తా. ఆ అరీనా కూడా హీరో ఇంట్రోనే కదా? వేలమంది జనం, అరుపులు, మధ్యలో ఒక్క కుర్రాడు, ఒక పోరాటం, గెలుపు. దక్షిణాన ఫ్రెమెన్ పెద్దలందరి మధ్యలో పాల్ నిలబడి తానే ముఅద్దిబ్ (ఫ్రెమెన్‌లో అతని పేరు) అని, డ్యూక్‌నని ప్రకటించుకునే సీన్ తీసుకోండి. అక్కడా అదే గుంపు, అవే అరుపులు, మధ్యలో ఒక్క కుర్రాడు. ఒకటి రంగు పీల్చేసి చూపించాడు, ఇంకోటి వెచ్చటి వెలుతురులో చూపించాడు. ఫెయిడ్ కోసం జనం ఊగిపోతుంటే మనకి ఒళ్లు జలదరించింది, పాల్ కోసం ఊగిపోతుంటే మనమే ఊగిపోయాం. పైగా ఇద్దరూ ఒకే రక్తం, హార్కొనెన్‌ల అధిపతి బ్యారన్ పాల్‌కి సొంత తాత అని అప్పటికే మనకి చెప్పేశాడు కూడా. ఇంతకంటే గట్టిగా విజువల్స్‌తో కథ ఎలా చెప్తారు?

దిల్‌సుఖ్‌నగర్_సెకండాఫ్:

లెన్స్ భయ్యా, నువ్వు చెప్పిన రెండు సీన్ల పోలిక నిజమే, కానీ అది పేపర్ మీద బాగుంది. నేను అసలు ప్రశ్న వేసినాయన వైపే. నాకు సమస్య పాల్‌ని అందంగా చూపించడం కాదు, అతను మారిన తీరు చూపించకపోవడం. దక్షిణానికి వెళ్లను, వెళ్తే నా పేరు మీద కోట్లమంది చస్తారు అని మొత్తుకున్న మనిషి, భవిష్యత్తు కనపడేలా చేసే ఆ నీలం నీళ్లు తాగి లేచాక ఇంకొకడైపోయాడు. ఆ మార్పు మొత్తం ఆ స్పృహ తప్పిన గ్యాప్‌లోనే జరిగిపోయింది. మనకి దొరికింది ముందు, తర్వాత. మధ్యలో మనిషి ఏమైపోయాడన్నది లేదు.

ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నవలలో ఈ కథ మధ్యలో రెండేళ్లు దాటిపోతాయి. పాల్‌కీ చానీకీ కొడుకు పుడతాడు, ఆ బిడ్డ చచ్చిపోతాడు కూడా. చెల్లెలు ఆలియా పుట్టి, నడిచి, మాట్లాడి, బ్యారన్‌ని తన చేతులతో చంపుతుంది. సినిమాలో ఇదంతా తల్లి జెస్సికా కడుపుతో ఉన్న నెలల్లోనే ముగిసిపోవాలి, అందుకే ఆలియా కడుపులోనే ఉండిపోయింది, బ్యారన్‌ని చంపే పని పాల్‌కి వచ్చింది. పొడుగు తగ్గించడానికి అది తెలివైన మార్పే కావచ్చు, కానీ బిడ్డని పోగొట్టుకున్న తండ్రికీ, కొన్ని నెలలు ఎడారిలో తిరిగిన కుర్రాడికీ కోపంలో తేడా ఉంటుంది కదా. చివరి యుద్ధం కూడా అంతే. తుఫాను లోంచి పురుగులు దూసుకొచ్చే ఆ ఒక్క షాట్ కోసం టికెట్ డబ్బులు పెట్టొచ్చు, ఒప్పుకుంటా, కానీ ఆ యుద్ధం మొదలైందనుకునేలోపే అయిపోతుంది. బ్యారన్ మనిషి రబ్బాన్ లాంటి రాక్షసుణ్ణి పాల్ గురువు గర్నీ నాలుగు దెబ్బల్లో తేల్చేశాడు. క్రిస్టఫర్ వాకెన్ లాంటి నటుణ్ణి చక్రవర్తిగా పెట్టుకుని కూర్చోబెట్టి లేపారు, అంతే. ఇసుక మీద వెలుతురు పడే తీరుకి ఇచ్చిన టైమ్‌లో సగం ఈ మనుషులకి ఇచ్చి ఉంటే క్లైమాక్స్‌లో హాలు అలా బిగుసుకుపోయేది కాదు.

బర్కత్‌పుర_బుక్‌షెల్ఫ్:

నవల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో పెద్ద మార్పు చెప్పాలి, అసలు జవాబు అక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. నవలలో చానీ ఎక్కడికీ వెళ్లదు. పాల్ చేసుకునేది రాజకీయం కోసం పెళ్లి, మనల్నే చరిత్ర భార్యలంటుంది అని జెస్సికా ఆమెకి సర్దిచెప్పడంతో పుస్తకం ముగుస్తుంది. సినిమాలో చానీ మొదటి నుంచీ, బయటి నుంచి ఒక రక్షకుడు వస్తాడన్న ఈ జోస్యాలని నమ్మని మనిషి. మమ్మల్ని విడిపించేది మా మనుషులే కావాలి, బయటివాడు కాదు అని ముందే అంటుంది. చివర్లో అందరూ పాల్ ముందు మోకరిల్లితే ఆమె ఒక్కతే నిలబడి ఉంటుంది. సినిమా ఆఖరి షాట్ పాల్ మీద లేదు, ఆమె మొహం మీద ఉంది. మొదటి భాగం మొదలైంది కూడా ఆమె గొంతుతోనే, హార్కొనెన్‌లు పోయాక ఇక మమ్మల్ని తొక్కేది ఎవరు అన్న ప్రశ్నతో. దానికి జవాబు రెండో భాగం చివర మన కళ్ల ముందే నిలబడి ఉంది, మనం ఈలలు వేసింది అతనికే.

ఫ్రెమెన్ నాయకుడు స్టిల్గర్‌ని చూసి హాల్లో అందరూ నవ్వుకున్నారు కదా. పాల్ "ఆ రక్షకుణ్ణి నేను కాదు" అంటే, చూశారా ఎంత వినయమో, కాబట్టి ఇతనే అంటాడు. మనకి ఇది కొత్తేమీ కాదు. ఊళ్లో ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు" అనే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు, ఏం జరిగినా అది కాలజ్ఞానంలో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. తేడా ఏమిటంటే అరాకిస్ మీద ఆ జోస్యాన్ని బెనె గెసెరిట్‌లు (జెస్సికా కూడా ఉన్న స్త్రీల రహస్య సంఘం) తరాల ముందే కావాలని నాటారు, తమవాళ్లకి ఎప్పటికైనా పనికొస్తుందని. మొదటి గంటలో మనల్ని నవ్వించిన ఆ స్టిల్గర్ చివర్లో ఎలా ఉంటాడో మళ్లీ చూడండి. దోస్తులా పాల్‌కి ఎడారిలో నడక నేర్పిన మనిషి, మాటకి ఎదురు చెప్పలేని భక్తుడైపోతాడు. స్టిల్గర్‌గా వేసిన హావియెర్ బార్డెమ్ ఆ మార్పుని కళ్లతోనే చేశాడు. నాకైతే సినిమా మొత్తంలో ఎక్కువ బాధ పెట్టింది అదే, సెకండాఫ్ గారు మనుషులకి టైమ్ ఇవ్వలేదన్న మాటకి నా జవాబు కూడా అదే.

పాఠకులు పాల్‌ని హీరోగా తీసుకున్నారని హెర్బర్ట్ బాధపడ్డాడని, అందుకే 1969లో డ్యూన్ మెస్సయా అనే తర్వాతి నవల రాశాడని విల్నవ్ ఇంటర్వ్యూల్లో చెబుతూనే ఉన్నాడు. ఆ తప్పు మళ్లీ జరగకూడదనే చానీని ఇలా మార్చాడు.

మల్కాజిగిరి_మ్యాట్నీ:

బుక్‌షెల్ఫ్ గారూ, స్టిల్గర్ పాయింట్ చాలా బాగుంది, ఆ కోణంలో ఇంకోసారి చూస్తాను. కానీ నా అభ్యంతరం అలాగే ఉంది. నవల చదివిన పాఠకులే పాల్‌ని హీరో అనుకున్నారంటే, దానికంటే వందరెట్లు బలమైన బొమ్మ, సౌండ్ పెట్టి తీసినప్పుడు మనుషులు ఇంకా ఎక్కువ పడిపోతారు కదా? చానీ ఒక్క మొహం ఆ బరువంతా మోయగలదా? లెన్స్ అన్న చెప్పిన అరీనా పోలిక నాకు ఇంట్లో చూసినప్పుడు లీలగా తట్టింది, థియేటర్లో అస్సలు తట్టలేదు. అది ఎందుకో అర్థం కావడం లేదు.

ఆర్టీసీ_క్రాస్‌రోడ్స్:

తట్టకపోవడానికి సగం కారణం మన ఇంటర్వెల్ అన్నా. ఈ సినిమాకి ఇంటర్వెల్ లేదు, అలా రాసుకున్న కథ కాదు. నేను చూసిన థియేటర్లో (పేరెందుకులే) అరీనా ఫైట్ అయిపోయాక కారిడార్‌లో ఫెయిడ్, బెనె గెసెరిట్ స్త్రీ లేడీ మార్గో ఎదురుపడే సీన్ మధ్యలో టక్కున లైట్లేశారు. అంతసేపు రంగుల్లేని లోకంలో ఉన్న కళ్ల మీద ఒక్కసారిగా ట్యూబ్‌లైట్లు, తర్వాత నగల దుకాణం యాడ్. చేతిలో పాప్‌కార్న్‌తో తిరిగొచ్చేసరికి ఆ అరీనా మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. ఇక దక్షిణం సీన్ వచ్చినప్పుడు దీన్ని దానితో ఎవరు కలుపుతారు?

మిగతా సగం తెర సైజు. ఈ సినిమాని ఐమాక్స్ కోసమని తీశారు, ఆ తెరల మీద ఫ్రేమ్ పైకీ కిందికీ ఇంకా తెరుచుకుంటుంది, ఇంట్లో మనకొచ్చేది ఆ పైనా కిందా కోసేసిన వెడల్పు ఫ్రేమ్. ప్రసాద్స్ 2003లో ఐమాక్స్‌గానే మొదలైంది, తర్వాత ఆ పేరు పోయి తెర మాత్రం మిగిలింది, అందుకే రిలీజప్పుడు దీన్ని ఐమాక్స్‌లో చూడాలని బెంగళూరు బస్సెక్కినవాళ్లు మన దగ్గర చాలామంది. ఏదేమైనా అంత పెద్ద తెర ముందు కూర్చుంటే మనం ప్రేక్షకులం కాదు, ఆ గుంపులో ఒకళ్లం. పురుగు సీన్ కోసం ప్రత్యేకంగా ఒక యూనిట్ పెట్టి, స్టూడియో లైట్లు కాకుండా అసలు ఎండలోనే తీశారు. 2025లో ఈ సినిమాకొచ్చిన రెండు ఆస్కార్లూ సౌండ్‌కీ విజువల్ ఎఫెక్ట్స్‌కీ. ఇవన్నీ కలిసి మీద పడుతుంటే నమ్మకుండా ఉండటం కష్టం. నా ఉద్దేశంలో దర్శకుడికి కావాల్సిందీ అదే, ముందు మనం కూడా ఫ్రెమెన్‌లా నమ్మాలి, ఈల వెయ్యాలి. పాల్‌ని మొదటి నుంచీ విలన్‌లా చూపిస్తే మనం దూరంగా కూర్చుని "నాకు ముందే తెలుసు" అనుకుని లేచొచ్చేవాళ్లం, ఏమీ తగిలేది కాదు. ఇంట్లో చిన్న తెర మీద ఆ జోరు తగ్గింది కాబట్టి మీకు చానీ మొహం కనపడింది. హాలు చివర్లో బిగుసుకుపోయిందన్నారే, అది సినిమా ఫెయిలైన చోటు అని నేననుకోను.

దిల్‌సుఖ్‌నగర్_సెకండాఫ్:

క్రాస్‌రోడ్స్ అన్న చెప్పింది ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన వాదన. ఇంటర్వెల్ విషయంలో వంద శాతం మీతోనే. కానీ ప్రేక్షకుణ్ణి నమ్మించి తర్వాత చెంపదెబ్బ కొట్టాలంటే ఆ దెబ్బ తగలాలి కదా. ఈ సినిమాలో యుద్ధం అంటే ఓడల్లోకి ఎక్కుతున్న సైన్యం, అంతే, అక్కడితో కట్. పాల్ కలల్లో ఆకలితో పడిపోయే మనుషులు లీలగా కనపడతారు గానీ వాళ్లెవరో మనకి తెలియదు. మెస్సయా నవల పన్నెండేళ్ల తర్వాత మొదలవుతుంది, అప్పటికి పాల్ పేరు మీద చచ్చినవాళ్లు 6,100 కోట్ల మంది అని అతనే లెక్క చెప్తాడు. విల్నవ్ మూడో భాగానికి ఆ నవలే ఆధారం. అందులో ఒక్క ఊరినైనా, ఒక్క ఇంటినైనా దగ్గరగా చూపించి, ఇదంతా నువ్వు ఈల వేసినవాడు చేసిందే అని నిలదీస్తే, రెండో భాగం మీద నేను అన్నదంతా వెనక్కి తీసుకుంటా. అది చూసేదాకా మాత్రం నా ఓటు ప్రశ్న వేసినాయనకే.

నల్లకుంట_లెన్స్:

అది న్యాయమైన షరతే. మ్యాట్నీ అన్నా, మూడోది వచ్చేలోపు మొదటి రెండూ ఒకే రోజు ఇంటర్వెల్ లేకుండా వేసుకుని చూద్దాం, ప్రొజెక్టర్ నా దగ్గరుంది, మీ బావని కూడా తీసుకురండి. సెకండాఫ్, నువ్వు తప్పకుండా రావాలి, అరీనా అయ్యాక ఎవ్వరినీ సీట్లోంచి లేవనివ్వను.