మార్క్‌గ్రాఫ్‌ని తెలుగులో ఏమందాం?

మార్క్‌గ్రాఫ్ అంటే మధ్యయుగ జర్మనీలో రాజు తరఫున రాజ్యపు ఎల్లని చూసుకునే అధికారి. ఆ మాటకి "సామంతుడు అంటే సరిపోతుందిగా" అని ఒకరు అన్నారు. నాకు సరిపోలేదండీ, ఎందుకో చెప్తాను.

నేను రాస్తున్నది పదో శతాబ్దపు మార్క్‌గ్రాఫ్ గేరో గురించి. 937లో తన సోదరుడు జీగ్‌ఫ్రీడ్ చనిపోతే, ఎల్బే, సాలే నదుల దగ్గర తూర్పున ఉన్న స్లావు తెగల వైపు సరిహద్దుని జర్మన్ రాజు మొదటి ఓటో ఇతని చేతిలో పెట్టాడు. ఆ పదవి తనకి రాలేదన్న కోపం కూడా కలిసి రాజుగారి సవతి అన్న టాంక్‌మార్ తిరగబడి, 938లో ప్రాణమే పోగొట్టుకున్నాడు. అంటే ఇది వారసత్వంగా వచ్చిన రాజ్యం కాదు, రాజు ఇచ్చిన కొలువు. మార్క్ అంటే ఎల్ల (డెన్మార్క్‌లో ఉన్నదీ ఇదే), గ్రాఫ్ అంటే అప్పట్లో రాజు తరఫున ఒక ప్రాంతాన్ని చూసే అధికారి.

సామంతుడు మాటలోనూ ఎల్ల ఉంది, అది ఒప్పుకుంటాను. సంస్కృతంలో మొదట దానర్థం పొరుగువాడు, మన హద్దుకి ఆనుకుని ఉన్న రాజు. కప్పం కట్టేవాడు అన్న అర్థం తర్వాత వచ్చింది. కానీ ఆ లెక్కన సామంతులు అవతలి స్లావు నాయకులవుతారు, గేరో కాదు! వాళ్ళు తనని చంపాలని చూస్తున్నారని తెలిసి, 939లో దాదాపు ముప్పైమంది నాయకుల్ని విందుకి పిలిచి, తాగి మత్తులో ఉండగా ఒక్క రాత్రిలో చంపించాడు. ఇది శత్రువులు రాసింది కాదు, గేరో సొంతవాళ్ళైన శాక్సన్ల సన్యాసి విడుకింట్ రాసిందే.

ఇంకో సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇవాళ జర్మన్లు సరిహద్దుకి వాడే మాట గ్రెంట్సె, అది స్లావుల గ్రానిత్సా నుంచి వచ్చిందే. మనం మాత్రం తక్కువా, ఎల్ల, పొలిమేర ఇంట్లో ఉండగా పారసీ నుంచి సరిహద్దు తెచ్చుకుని రోజూ వాడుతున్నాం. పొలిమేర అంటే నాకెంతో ఇష్టం గానీ, అది ఊరికి సరిపడే మాట, అనగానే పోలేరమ్మ గుడి కళ్ళముందుకొస్తుంది, రాజ్యానికి చిన్నదైపోతుంది.

అందుకని "ఎల్లదొర" అనుకుంటున్నాను. మొదటిసారి మార్క్‌గ్రాఫ్ అని రాసి, పక్కనే ఇది పెడతాను. దొర అంటే తెలంగాణలో గడీ గుర్తొస్తుందని అభ్యంతరం రావచ్చు. రానివ్వండి. కొడుకు పోయాక గెర్న్‌రోడెలో సన్యాసినుల మఠం కట్టించి, 965లో చనిపోయి అక్కడే సమాధి అయిన ఈ పెద్దమనిషి, ఆ విందుకి వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో అలాంటి దొరే.