రాజమండ్రి పాత ఊరు, గట్టు: గైడ్ లేకుండా ఒక్కరోజులో అవుతుందా?

కొత్తబాటసారి: ఆగస్టులో అమ్మతో రాజమండ్రి వస్తున్నాం. పాత ఊరు, గోదావరి గట్టు, కుదిరితే ధవళేశ్వరం. ఎక్కడ మొదలెట్టాలి? ఏ రోజు మంచిది? భోజనం ఎక్కడ? అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువుంటాయా?

గట్టుమీదగాలి: ప్యాసింజరు రైలైతే పెద్ద స్టేషన్ దాకా పోకుండా గోదావరి స్టేషన్లో దిగండి, పుష్కరాల రేవు దగ్గర. తెల్లారేసరికి రేవులో ఉండాలి. ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి పొద్దుటి ఎండ మన వీపు మీంచి వెళ్లి వంతెనల మీద పడుతుంది. పాత రైలు వంతెన హేవలాక్ గర్డర్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. సాయంత్రం ఫొటో తీస్తే అదే వంతెన నల్లటి గీత. మధ్యాహ్నం 2 దాటాక గట్టు మీద ఎండ మొహాన కొడుతుంది, ఆ వేళకి ఊళ్లోకి వెళ్లిపోండి.

పాతరాతలు: శుక్రవారం మాత్రం వద్దు. గ్రంథాలయాలకి సెలవు, మెయిన్‌రోడ్డు మసీదులో మధ్యాహ్నం నమాజు రద్దీ. ఆ మసీదు గుమ్మం మీద 1324 నాటి పారశీక శాసనం ఉంది, తుగ్లక్‌ల కాలంది. కింద కొట్లలో బేరాలాడేవాళ్లు ఒక్కరూ తలెత్తి చూడరు, నాకదే బాధ. తర్వాత కందుకూరి వారి ఇల్లు, 1890 నాటి టౌన్‌హాలు. తెలుగునాట తొలి వితంతు వివాహం ఆయన జరిపించింది ఈ ఊళ్లోనే, 1881 డిసెంబరు 11న.

రైలుకూత: హేవలాక్‌కి 56 స్తంభాలు. 1900లో మొదలై 1997 దాకా నడిచింది.

గట్టుమీదగాలి: 56 ఖానాలండీ, స్తంభాలు కాదు. రెండు స్తంభాల మధ్య జాగా ఖానా. పక్కన కమాను వంతెనకి 28, సరిగ్గా సగం.

లంకపిల్ల: అసలైంది ధవళేశ్వరం! కాటన్ దొర 1852లో కట్టిన బ్యారేజి మీద నడుస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది.

లాకులదగ్గర: ఆ బ్యారేజి కాటన్ కట్టింది కాదు. ఆయన 1847లో మొదలెట్టి 1852కి ముగించింది ఆనకట్ట, అంటే నీళ్లు పైనుంచి పొర్లిపోయే రాతికట్టు. ఇప్పుడున్నది 1982 నాటికి కట్టిన గేట్ల బ్యారేజి. మొత్తం 175 గేట్లు: ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. ఇరిగేషన్‌లో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, నాకు తెలీదా?

లంకపిల్ల: పేరు ఆయనదే కదండీ పెట్టారు! ఆయన రాకపోతే ఈ డెల్టా ఎక్కడిది? మీ ముప్పై ఏళ్లూ మా మీద రుద్దకండి.

లాకులదగ్గర: ఆయన్ని తక్కువ చేశానా? ఆయన గొప్పంతా చోటు ఎంచుకోవడంలో ఉంది. అక్కడ గోదావరి లంకల మధ్య నాలుగు పాయలుగా చీలుతుంది, అందుకే కట్ట నాలుగు ముక్కలు. రాయి పక్క కొండదే. పునాది ఇసుక మీద, కావేరి మీద చోళుల నాటి రాతికట్టు కల్లణై చూసి నేర్చుకున్న పద్ధతి. ఇదేదీ తెలుసుకోకుండా కొత్త కాంక్రీటు ముందు ఫొటో దిగి వెళ్లిపోతున్నారు. ముందు కాటన్ మ్యూజియం, తర్వాత బ్యారేజి. ఆ వరసే సరైంది.

పాతరాతలు: నడక గురించి అడిగితే గేట్ల లెక్కలు. ఊళ్లో దామెర్ల రామారావు చిత్రశాల ఉందని ఒక్కరికీ గుర్తు రాలేదు. 28 ఏళ్లు నిండకుండానే పోయిన మనిషి గీసిన బొమ్మలు, తీరిగ్గా ఒక గంట పెట్టండి.

రైలుకూత: ఆగస్టు అంటున్నారు, వరద చూసుకోండి. 43 అడుగులు దాటితే గట్టు మీదకి రావద్దు.

లాకులదగ్గర: 43 భద్రాచలం లెక్క! ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. 11.75 అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు కిందికి వదులుతున్నారని. పొద్దున్నే పేపర్లో ధవళేశ్వరం మట్టం చూసుకుని బయల్దేరండి. మొదటి హెచ్చరిక ఉంటే రేవుల్లోకి దిగొద్దు.

రైలుకూత: సరే, 11.75. అరవక్కర్లేదు.

సత్రంగది: పెద్దావిడ మోకాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. గట్టు రోడ్డు చదునే, మెట్లన్నీ రేవుల్లోనే. పుష్కరాల రేవులో పైమెట్టు మీద కూర్చోబెట్టండి, గోదారి అక్కణ్ణుంచే నిండుగా కనిపిస్తుంది. తర్వాత మార్కండేయస్వామి గుడి దాకా మెల్లగా నడిపించి ఆటో ఎక్కించండి. ధవళేశ్వరం నడిపించకండి, ఆటోలోనే. రేవులో నీటి అంచు మెట్లకి నాచు పడుతుంది. వరద తీసిన వారమైతే నాచు మీద ఒండ్రు కూడా పేరుకుని చూడ్డానికి పొడిమట్టిలా ఉంటుంది, కాలేస్తే సర్రున జారుతుంది. అమ్మకి గోదారి స్నానం చేయాలని ఉంటే చెంబుతో నీళ్లు పైకి తెచ్చి పోయండి.