సిల్డెనాఫిల్, టడలాఫిల్: మధుమేహం ఉన్నవారికి ఏది నయం?

ప్రశ్న:
నాకు 52 ఏళ్లు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, రక్తపోటుకు టెల్మిసార్టాన్ వాడుతున్నాను. అంగస్తంభన సరిగా ఉండటం లేదని చెబితే డాక్టరు గారు సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. అది ఒకసారి పనిచేస్తుంది, ఇంకోసారి చేయదు. టడలాఫిల్ దీనికన్నా బలమైనదని మిత్రుడొకరు అంటున్నారు. వీటి మధ్య నిజమైన తేడా ఏమిటో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
నేను ఫార్మసిస్టును. లైంగిక ప్రేరణ కలిగినప్పుడు అంగంలో నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై, దానివల్ల సీజీఎంపీ అనే పదార్థం పెరిగి రక్తనాళాలు సడలుతాయి. ఆ పదార్థాన్ని విచ్ఛిన్నం చేసే పీడీఈ5 ఎంజైమును ఈ రెండు మందులూ అడ్డుకుంటాయి. అందువల్ల ప్రేరణ లేకుండా ఏ మాత్రా దానంతట అది పనిచేయదు. తేడా బలంలో కాదు, సమయంలో ఉంది. సిల్డెనాఫిల్‌ను సుమారు గంట ముందు వేసుకోవాలి, ప్రభావం నాలుగైదు గంటలు ఉంటుంది, కొవ్వు ఎక్కువున్న భోజనం తర్వాత వేసుకుంటే రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. మీ అనుభవంలోని హెచ్చుతగ్గులకు రాత్రి తిన్న బిర్యానీయే కారణమేమో ముందు చూసుకోండి. టడలాఫిల్‌కు భోజనంతో నిమిత్తం లేదు, ప్రభావం 36 గంటల వరకు ఉండవచ్చు. దాన్నే రోజూ 5 మిల్లీగ్రాముల చొప్పున వాడే పద్ధతి కూడా ఉంది. ప్రొస్టేటు పెరిగి మూత్రానికి ఇబ్బంది పడేవారికి అది రెండు విధాలా ఉపయోగం. అయితే దానితో కొందరికి నడుము, కండరాల నొప్పులు వస్తాయి. సిల్డెనాఫిల్‌తో కొందరికి చూపులో నీలిఛాయ కనిపిస్తుంది.

సమాధానం 2:
పై సమాధానంలో అత్యంత ముఖ్యమైన విషయం రాలేదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవారు ఈ రెండింటిలో దేన్నీ ముట్టుకోకూడదు, ఎందుకంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే మాత్ర ఎప్పుడు వేసుకున్నదీ సిగ్గుపడకుండా చెప్పండి. సిల్డెనాఫిల్ తర్వాత 24 గంటలు, టడలాఫిల్ తర్వాత 48 గంటలు నైట్రేట్లు ఇవ్వకూడదు. ప్రొస్టేటుకు టామ్సులోసిన్ వంటివి వాడుతున్నా డాక్టరుకు తెలియజేయాలి.

సమాధానం 3:
మధుమేహంలో నరాలు, రక్తనాళాలు రెండూ దెబ్బతింటాయి కనుక ఏ మాత్రకైనా ఫలితం కొంత తక్కువగానే ఉండవచ్చు. సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాములు సరిపోకపోతే డాక్టరు 100 వరకు పెంచవచ్చు, మీరే పెంచుకోకండి. కోరిక కూడా తగ్గివుంటే టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్‌ను ఉదయం పూట పరీక్షించమని అడగండి, అది తక్కువగా ఉంటేనే ఆ హార్మోన్ ఇచ్చే చికిత్సకు అర్థం ఉంది. దుకాణాల్లో డాపోక్సెటిన్ కలిపిన మాత్రలు కూడా అమ్ముతారు. డాపోక్సెటిన్ శీఘ్రస్ఖలనానికి సంబంధించిన మందు, మీరు చెప్పిన సమస్యకు అది అవసరం లేదు.