మొదటి ట్రాక్ డే: ఇంటి స్విఫ్ట్‌కు బ్రేక్ ఆయిల్ మారిస్తే చాలా, ప్యాడ్లు గూడ మార్చాల్నా?

కాజీపేట_స్విఫ్ట్
అన్నలకు అక్కలకు నమస్తే. వచ్చే నెల చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ట్రాక్ డే ఉంది, అంటే ఎవరి బండి వాళ్ళు రేసు ట్రాక్ మీద తోలే రోజు, పేరిచ్చిన. మొదటిసారి. బండి 2018 స్విఫ్ట్ పెట్రోల్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ కాజీపేట నుంచి హనుమకొండ ఆఫీసుకు, ఆదివారం పరకాలకు. అదే బండిల చెన్నై పోవాలె, అదే బండిల తిరిగి రావాలె, మల్ల సోమవారం అదే బండిల ఆఫీసు. ఫీజు, పెట్రోలు, రూము పోను చేతుల 12 వేలు మిగుల్తయి. బ్రేక్ ఆయిల్ మార్చుకో చాలు అంటడు ఒక దోస్తు. ప్యాడ్లు మార్చకుంట పోకు అంటడు ఇంకొకడు. ఏం చెయ్యాలె?

గోదావరిఖని_గ్యాసు
12 వేలు పెట్టి ఇంటిల్లిపాదికి బిర్యానీ తినిపియ్యి తమ్మీ. దువా దొరుకుతది.

పాతపోలో
ప్యాడ్లు మార్చు. ఇందుల ఆలోచించేదేం లేదు. కంపెనీ ప్యాడ్లు ఊర్ల తిరిగేటందుకు చేసినయి. పొద్దున చల్లగున్నప్పుడు గూడ పట్టాలె, కీచు సప్పుడు రావద్దు, డిస్కు తినద్దు, గవ్వే చూస్తరు వాళ్ళు. 80 మీదికెల్లి బండి ఆపితే ఎంత వేడి పుడ్తదో, 140 మీదికెల్లి ఆపితే దానికి మూడింతలు పుడ్తది. మన రోడ్ల మీద అట్ల బ్రేకు కొట్టేది నెలకోసారి, అది గూడ బర్రె అడ్డమొస్తేనే. ఆ ట్రాక్ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ప్రతి రౌండుల నాలుగైదు సార్లు గట్టిగ తొక్కుతవు, నడుమ చల్లారే టైమ్ ఉండదు.

నాకేమైందో చెప్తున్న. మూడో సెషన్‌ల పెడల్ తొక్కితే కాలు నేలకు పోయింది. ముంగట మలుపు. మట్టిల పడి దుమ్ము లేపుకుంట పోయి ఆగిన. గోడ దూరం ఉంది గాబట్టి ఇయ్యాల నీకు రాస్తున్న.

షెడ్డు_శీను
పోలో అన్నా, నువ్వు రాసింది నువ్వే మల్లోసారి సదువు. పెడల్ నేలకు పోయింది అంటున్నవు. ప్యాడ్లు కాలితే పెడల్ నేలకు పోదు. రాయి లెక్క గట్టిగనే ఉంటది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగది. పెడల్ మెత్తగై కిందికి పోయిందంటే ఆయిల్ మరిగిందన్నట్టు. బ్రేక్ ఆయిల్ గాలిలున్న తేమను గుంజుకుంటది. డాట్ 3 అనే రకం ఆయిల్ కొత్తగున్నప్పుడు 205 డిగ్రీల దాక మరుగది, నీళ్ళు పట్టినంక 140కే మరుగుతది. డాట్ 4 అయితే 230, నీళ్ళు పడితే 155. మరిగితే బుడగలు లేస్తయి. ఆయిల్ అణగది గని బుడగ అణుగుతది, నీ కాలి బలమంతా బుడగ నలుపుట్లనే పోతది. అంటే నీ కథ ప్యాడ్ల కథ కానే కాదు.

తమ్మీ, బండిల బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఏది పొయ్యాల్నో రాసి ఉంటది. డాట్ 3 ఉన్నకాడ డాట్ 4 నడుస్తది. డాట్ 5 మాత్రం ముట్టకు, అది సిలికాన్‌ది, దీంట్ల కలువది. నాలుగు చక్రాల కాడ బ్లీడ్ చేసి, అంటే నిపుల్ విప్పి ఆయిల్ బయటికి ఇడిసి, పాతదంతా తీపియ్యి. స్విఫ్ట్ 900 కిలోల లోపు బండి, పోలో వెయ్యి దాటుతది. ఆయన లెక్క నీకు పనికిరాదు. కొత్తోనివి, రౌండు రౌండుకు 140 ఎక్కడ కొడతవు.

పాతపోలో
బరువు తక్కువైతే వేడి తక్కువ, ఒప్పుకుంట. గని సున్నా కాదు గదా? 62 వేల బండికి ప్యాడ్ల మందం ఎంత మిగిలిందో నీకెట్ల ఎర్క? చూసినవా?

షెడ్డు_శీను
చూడలే. అరిగితే కంపెనీవే కొత్తవి ఎయ్యమంట. రేసు ప్యాడ్లు చల్లగున్నప్పుడు సక్కగ పట్టయి. అవి ఏసుకొని ఆరువందల కిలోమీటర్ల పైన చెన్నైకి పొయ్యేటప్పుడు మొదటి టోల్ గేటు కాడ ముంగటి లారీని గుద్దితే నువ్వు పోతవా బాగు చేపిస్తందుకు?

పాతపోలో
నేను రేసు ప్యాడ్లు అన్ననా? ఎక్కడన్న? చూపియ్యి. రోడ్డుకూ ట్రాక్‌కూ నడుమ రకం ఉంటయి, అవి అంటున్న.

మామునూరు_రన్‌వే
ఇవన్ని ఎందుకు భాయ్. మామునూరు పాత రన్‌వే ఉండె, లేకుంటే రాత్రి ఒంటిగంటకు కరీంనగర్ రోడ్డు. ఫీజు లేదు, హెల్మెట్ లేదు.

పాలసీ_రాజన్న
రన్‌వే మన తాతది కాదు. రోడ్డు మీదనైతే మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ ఉంది. మొదటిసారి దొరికితే మూడు నెలల దాక జైలు, లేదంటే 5 వేల దాక జరిమానా, రెండూ పడొచ్చు. రెండోసారి ఏడాది దాక జైలు, 10 వేలు. ఇగ ఎదురుంగ వచ్చే ఆటోల ముసలమ్మ ఉంటే ఏ సెక్షన్లు పడ్తయో నేను రాయ.

కాజీపేట తమ్మీ, నీకొక ముచ్చట. మన కారు పాలసీ కాయితంల "వాడకానికి పరిమితులు" అనే కాడ సదువు. రేసింగు, పేస్ మేకింగు, స్పీడు టెస్టింగు, ఇవన్ని పాలసీకి బయటి పనులు అని ఉంటది. ట్రాక్ మీద గోడకు కొడితే ఖర్చు నీ జేబులకెల్లే. ఇరవై ఏండ్ల సంది పాలసీలు అమ్ముతున్న, ఈ పేజీ సదివిన కస్టమర్‌ను ఇంకా చూడలే.

గోదావరిఖని_గ్యాసు
మన దగ్గర ట్రాక్ ఉంటే చెన్నై దాక పోవుడు ఎందుకు. 2023ల హుస్సేన్ సాగర్ కాడ ఫార్ములా ఈ పెట్టిరి, 2024ది రద్దు చేసిరి. అసలు దాని ఎనుక

నిర్వాహకుడు
గ్యాసు అన్నా, ఆ లొల్లి ఇక్కడ వద్దు. బ్రేకుల కాడికి రండి.

లావణ్య_హన్మకొండ
నేను మా ఐ20తో కోయంబత్తూరు కారి ట్రాక్ మీద రెండుసార్లు నడిపిన. మీ ఇద్దరి కొట్లాట నడుమ పిల్లగానికి పనికొచ్చేది ఒక్కటి గూడ రాలే.

ముందు బండి ఖాళీ చెయ్యి. ఖాళీ అంటే నిజంగ ఖాళీ. నేను స్టెప్నీ, జాకీ, నీళ్ళ బాటిళ్ళు, కాళ్ళ కింది మ్యాట్లు అన్ని తీసిన అనుకున్న. మొదటి మలుపుల సీటు కిందికెల్లి ఏదో దొర్లి బ్రేకు పెడల్ దిక్కు వచ్చింది. ఏందని చూస్తే మేడారం నుంచి తెచ్చిన బంగారం, అర్ధకిలో బెల్లం ముద్ద, కవర్ల కట్టి అత్తమ్మ పెట్టింది. ఒక్క క్షణం ఆ కవరు పెడల్ కిందికి పోతే నేనేమైపోయేదాన్నో. డ్యాష్‌బోర్డు మీది గణపతిని గూడ తీసి బ్యాగుల పెట్టు, దేవుడు ఏమనుకోడు.

సెషన్ అయినంక ఒక రౌండు బ్రేకు తొక్కకుంట మెల్లగ తిరుగు, చల్లారనియ్యి. వచ్చి నిలబెట్టినంక హ్యాండ్ బ్రేకు గుంజకు. గేర్‌ల పెట్టి చక్రం కింద ఇటుక పెట్టు. ఇంజన్ ఆయిల్ పై గీత దగ్గర ఉండాలె, దాటద్దు. పెట్రోలు సగం ట్యాంకు కన్న కిందికి పోనియ్యకు, మలుపుల పెట్రోలు ఒక దిక్కు జరిగి ఇంజన్ తడబడుతది. ఫుల్ ఫేస్ హెల్మెట్, పొడుగు చేతుల అంగి, బూట్లు. వీల్ నట్లు ప్రతి సెషన్ తర్వాత టార్క్ పానాతో చూసుకో.

గాలి: చల్లగున్నప్పుడు కొలువు, సెషన్ అయినంక కొలువు. నాకు 5 పీఎస్ఐ పెరిగింది. టైరు అంచు మీద తెల్ల బూటు పాలిష్ తోటి గీత పెట్టిన, మలుపుల టైరు ఎంత దాక ఒరుగుతున్నదో ఆ గీత చెరిగిన కాడ తెలుస్తది. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు గాలి మల్ల సక్కగ పెట్టించు.

కాజీపేట_స్విఫ్ట్
థాంక్స్ అక్కా. మా సీటు కింద గూడ చూస్త. అయితే ఆయిల్ చాలు అంటవా, ప్యాడ్లు గూడ అంటవా?

పాతపోలో
లావణ్య గారు మంచిగ చెప్పిన్రు. గని శీను భాయ్ నోటికి ఎంతొస్తే అంత అంటున్నడు గాబట్టి చెప్పాల్సి వస్తున్నది. "ఆయిల్ మార్చుకో చాలు." ఎవలు మారుస్తరు? నేను మార్చమని పైసలిచ్చిన. వరంగల్‌లనే, ఒక షెడ్డుల. బిల్లు ఇంకా నా దగ్గర ఉంది. మట్టిల పడ్డంక హైదరాబాద్‌ల వేరే మెకానిక్ చక్రం విప్పి చూపిచ్చిండు. బ్లీడర్ నిపుల్ మీద తుప్పు పొర అట్లనే ఉంది, పానా పడ్డ గుర్తే లేదు. లోపలి ఆయిల్ నల్లగ కషాయం లెక్క. అంటే మూత తీసి పైపైన ఇంత పోసి పంపిండు. నేను ప్యాడ్లు ఎందుకంటున్ననో ఇప్పుడన్న తెలిసిందా? ప్యాడ్లు మార్చిండా లేదా నేను కండ్లతోటి చూడొచ్చు. ఆయిల్ చూడలేను.

షెడ్డు_శీను
ఏ షెడ్డు? పేరు చెప్పు.

నిర్వాహకుడు
పేర్లు వద్దు.

షెడ్డు_శీను
పేరు చెప్పకుంట అందరిని ఒక్క గాటన కడితే ఎట్లనన్నా? ములుగు రోడ్డు మీద పద్దెనిమిదేండ్ల సంది నాది షెడ్డు. పదోతరగతి తప్పి పానా పట్టిన. ఆయిల్ మార్చినోని చేతులు చూడు, రెండ్రోజులు తోలు ఊడుతది. ఆ పని చెయ్యకుంట బిల్లు రాసినోడు దొంగనే, నేను కాదన. గని నాకు ఒక్కదానికి జవాబు చెప్పు. బండి ట్రాక్ మీదికి పోతదని ఆయనకు చెప్పినవా?

పాతపోలో
దానికీ దీనికీ ఏం సంబంధం? ఆయిల్ మార్చమన్నంక మార్చాలె. అసలు టైర్ల ముచ్చట ఎవలూ ఎత్తుత లేరు. తమ్మీ, టైర్లు ఏ సంవత్సరంవి?

లావణ్య_హన్మకొండ
టైర్ల సంగతి అడుగుడు మంచిదే. గని శీనన్న అడిగినదానికి జవాబు రాలే.

పాతపోలో
తిరుపతి పోతున్న అని చెప్పిన.

గోదావరిఖని_గ్యాసు
గోవిందా గోవింద.

షెడ్డు_శీను
నవ్వకున్రి. నా బాధ అదే. నిరుడు ఒక పిల్లగాడు వచ్చిండు, "టూర్ పోతున్న అన్నా, సర్వీసు చెయ్యి" అన్నడు. చేసిన. వారం తర్వాత బండి మల్ల వచ్చింది. డిస్కులు నీలం రంగు తిరిగినయి, ముంగటి టైర్ల భుజాలు కొరికి పెట్టినట్టు ఉన్నయి. టూర్ పోయిన బండి అట్ల అయితదా? పిల్లగాడు రాలే, వాళ్ళ నాయిన వచ్చిండు. షెడ్డు ముంగట, పది మంది కస్టమర్లు చూస్తుంటే, "నా బండిని ఏం చేసినవురా" అన్నడు. నాకు నలభై రెండేండ్లు. రా అన్నడు. పిల్లగాడు ఫోన్ ఎత్తలే. నేనేమని చెప్పాలె?

మీకు షోకు ఉంది, చేసుకోన్రి. మాకు చెప్పి చేసుకోన్రి. ట్రాక్ అంటే నేను నాలుగు చక్రాలు విప్పి చూస్త. తిరుపతి అంటే తిరుపతి లెక్కనే చూస్త.

పాతపోలో
చెప్తే నవ్వుతరని చెప్పలే. "ఈనకు రేసింగ్ గావాల్నట" అని. ఆ మెకానిక్ మా బామ్మర్దికి దోస్తు, రాత్రికి ఇంట్ల తెలుస్తది. అయినా ఒకటి చెప్పు శీను. తిరుపతి పొయ్యేటోనికి మాత్రం పాత ఆయిల్ తోటి బండి ఇస్తరా? ఘాట్ రోడ్డు దిగేది గూడ బ్రేకుల మీదనే గదా.

షెడ్డు_శీను
ఇయ్యద్దు. అది తప్పే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

లావణ్య_హన్మకొండ
కాజీపేట తమ్ముడూ, ఉన్నవా? టైర్ల మీద నాలుగు అంకెలు చూసి రాయి. అట్లనే ఇంకోటి, బండి ఎవరి పేరు మీద ఉంది?

*(రెండు రోజుల తర్వాత)*

కాజీపేట_స్విఫ్ట్
అంకెలు నాలుగిటి మీద 3218 ఉన్నయి అక్కా. 2018ల 32వ వారం అన్నట్టు. బండితోటి వచ్చిన టైర్లే. గాట్లు బాగనే ఉన్నయి గని సెల్‌ఫోన్ లైటు ఏసి చూస్తే పక్కలకు సన్నగ నెర్రెలున్నయి, ఎండకాలం పత్తి చేను లెక్క.

బండి బాపు పేరు మీద ఉంది. చెప్పలే ఇంక.

లావణ్య_హన్మకొండ
నెర్రెలిచ్చిన టైర్ల మీద ట్రాక్ లేదు. చెన్నై గూడ లేదు. పరకాల గూడ వద్దు అంట నేనైతే.

పాతపోలో
మార్చితే ముంగటి రెండు మార్చు, పని అంతా వాటిదే.

షెడ్డు_శీను
ఎనుక పాతయి పెట్టుకొని మలుపుల ఎనుక భాగం జారితే ఏం చేస్తడు? నాలుగూ మార్చాలె. నాలుగంటే 12 వేలల్ల కాదు.

కాజీపేట_స్విఫ్ట్
నిన్న రాత్రి బాపుకు చెప్పిన. ట్రాక్ అంటే ఏందో, పాలసీ రాదని, అన్ని చెప్పిన. కోపానికొస్తడనుకున్న. టార్చి తెచ్చుకొని కిందికి వంగి టైరు చూసిండు, వేలుతోటి ఆ నెర్రె తడిమిండు. "ఇన్ని దినాలు గీ టైర్ల మీదనేనారా నన్ను పరకాల తోలుకపోయింది?" అన్నడు. టైర్ల పైసలు సగం ఆయన ఇస్తా అన్నడు. ట్రాక్ గురించి ఊ అనలే, ఉహూ అనలే. ఈసారి వద్దనుకుంటే ఫీజు వచ్చేసారికి జమ చేస్తరట, అడిగిన. శీనన్నా, ఆదివారం తెరిచి ఉంటదా?

షెడ్డు_శీను
పొద్దున ఏడింటికి రా. బాపును గూడ తీస్కరా, చక్రాలు విప్పి చూపిస్త. ట్రాక్‌కు అని బిల్లు మీద రాస్త.

పాతపోలో
ఆదివారం నేను గూడ వరంగల్‌ల ఉంట. నా పోలోకు ఆయిల్ మార్చి రెండేండ్లు దాటింది. డబ్బా నేనే తెస్త, సీలు నా ముంగట తియ్యాలె.

షెడ్డు_శీను
సీలు నువ్వే తియ్యి. పానా మాత్రం ముట్టకు.