‘కుదరదు’ అనడం మొరటుతనమా?

చేతిలో ఉన్న పనికే సమయం చాలనప్పుడు పైఅధికారి మరో పని అప్పగించబోతే ‘ఇప్పుడు కుదరదండి’ అని రాయడం మొరటుగా ఉంటుందా, ‘చేయలేను’ అనడమే మర్యాదా అని నిన్న మన బృందంలో ఒక సభ్యురాలు అడిగారు. నా మటుకు ‘కుదరదు’ అన్నదే ఎక్కువ మర్యాద గల మాట.

‘చేయను’ అంటే ఇష్టం లేదని, ‘చేయలేను’ అంటే శక్తి లేదని అర్థం. రెండింటిలోనూ కర్త ‘నేను’. ‘నాకు కుదరదు’ అన్నప్పుడు ఆ ‘నేను’ ‘నాకు’గా మారి పక్కకు తప్పుకుంటుంది, కుదరనిది పనే అవుతుంది. అందువల్ల చెప్పేవారి మొండితనం గానీ చేతగానితనం గానీ అందులో వినపడవు. పైగా ‘కుదరదు’లోని ‘కుదురు’ మా నెల్లూరు వైపు పొలాల్లో నిత్యం నలిగే మాట. గుండ్రటి అడుగున్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట కుదురు, చెట్టు మొదట్లో నీళ్లు నిలిచే పాదు కుదురు, వరినాట్లలో ఒక్కచోట గుచ్చే మొక్కలూ కుదురే. కుదురుకు రెండు మూడు మొక్కలు చాలు, గుత్తులు గుత్తులుగా గుచ్చితే పిలకలు సరిగా వేయవని రైతు గట్టు మీద నుంచి కేకలు వేస్తూనే ఉంటాడు. చోటు చాలకపోవడమన్న భావం ఈ మాట పక్కనే ఉందన్నమాట.

పోయిన సంక్రాంతికి పది రోజుల ముందు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక దర్జీ దగ్గరికి మా ఆవిడతో కలిసి వెళ్లాను. ఆయన మిషను తొక్కడం ఆపి, జాకెట్టు గుడ్డల సంచి విప్పకుండానే, ‘చేతి నిండా పని ఉండాదమ్మా, పండగలోపల కుదరదు. కనుమ దాటినాక తీసకరాండి, రెండో రోజుకి ఇచ్చేస్తా’ అన్నాడు. మా ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, పండగ కాగానే ఆ గుడ్డలు ఆయనకే ఇచ్చింది. చేతి నిండా పని ఉండడం మనవాళ్లు కోరుకునే భాగ్యం కనుక, ఆ మాటతో కాదన్నా ఫిర్యాదులా ఉండదు. ‘తల గోక్కునే తీరిక లేదు’ అన్నదాంట్లో విసుగుంది. స్నేహితుల దగ్గర చెల్లుతుంది, అధికారికి రాసే ఉత్తరంలో చెల్లదు. ఇక ‘చూస్తాను లెండి’ అన్నంత ప్రమాదకరమైన జవాబు మరొకటి లేదు: అన్నవారు కాదనుకుంటారు, విన్నవారు సరేననుకుంటారు.

ఆ సభ్యురాలికి నేనైతే ఇలా రాసిస్తాను: ‘ప్రస్తుతం నా వద్ద ఉన్న రెండు పనులు ఈ నెల 20వ తేదీకి పూర్తవుతాయి, ఈలోగా మూడోది చేపట్టడం కుదరదండి. ఇదే ముందు కావాలంటే, ఆ రెండింటిలో దేన్ని ఆపమంటారో తెలియజేయగలరు.’

ఒంగోలు, కందుకూరు వైపు సభ్యులు ఒక్క మాట చెప్పాలి: మీ ఇళ్లలో ‘కుదరదు’, ‘వీలు పడదు’ అనే రెండింటిలో పెద్దవాళ్ల ముందు ఏది వాడతారు?