పాత దిగులుకు తిరిగి వస్తే నయమైనట్టేనా?

పర్లాకిమిడి ఆడపడుచు

మా అన్నయ్యకు నలభై రెండేళ్లు. బట్టల కొట్టు ఉంది. చలికాలంలో ఐదు వారాలు వ్యాపారం సాగలేదు. షట్టరు సగం ఎత్తి దాని కిందే కూర్చునేవాడు. లోపలికీ వెళ్లడు, ఇంటికీ రాడు. బరంపురం తీసుకెళ్లి చూపించాం. మాత్రలు మొదలైన ఆరో వారానికి కొట్టు తెరిచాడు. ఇప్పుడు ఐదో నెల, మనిషి పూర్వంలాగే ఉన్నాడు.

చిక్కల్లా ఆ ‘పూర్వం’తోనే. ఎవరి పెళ్లిలోనూ భోజనాల దాకా నిలవడు. ‘ఏం లాభం’ అన్నది ఊతపదం. డాక్టరు గారు ఇది జంట కుంగుబాటు అన్నారు. పైది తగ్గిందట, అడుగున పాతది అలాగే ఉందట, మందు ఆపవద్దన్నారు. అమ్మేమో ‘వాడు ఇంటర్ నుంచీ అంతే, పుట్టుకతో వచ్చిన బుద్ధికి మాత్రలేమిటి’ అంటోంది. మీరేమంటారు?

రాయగడ పాతకాపు

నా ఓటు మీ అమ్మగారికే. మా పెదనాన్న జన్మలో నవ్వలేదు. ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాడు, డెబ్బై ఎనిమిదేళ్లు బతికాడు. ఈ రోజుల్లో అయితే ఆయనకూ ఒక చీటీ రాసి చేతిలో పెట్టేవారు. ముభావంగా ఉండటం కూడా జబ్బేనా? కొట్టు తెరిచాడు, లెక్క రాస్తున్నాడు, ఇంకేం కావాలి?

బరంపురం మందుల కొట్టు

పెదనాన్నగారిని వదిలేయండి, ఆయన్ను ఎవరూ అడగలేదు కదా, లోపల ఎలా ఉందో.

ముభావం వేరు. దిగులు రోజులో ఎక్కువ భాగం, ఎక్కువ రోజులు, రెండేళ్లకు పైగా ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఆశ, తన మీద తనకున్న నమ్మకం వంటివాటిలో కనీసం రెండు దెబ్బతింటే దాన్ని దీర్ఘకాల కుంగుబాటు అంటారు. పిల్లల్లో, కౌమారంలో ఏడాది చాలు. దాని మీద తీవ్రమైనది వచ్చి పడితే జంట కుంగుబాటు. ఆ పేరు 1982లో కెల్లర్, షాపిరో అనే అమెరికా వైద్యుల వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీర్ఘకాలపు రకాలన్నిటినీ ఒకే పేరు కిందికి తెచ్చింది, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు కాబట్టి.

పేరు ఏదైనా, అడుగుది మిగిలిపోతే పైది మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. పంట కాలువకు పడ్డ గండి పూడ్చకుండా నీళ్లు మాత్రం తోడేసినట్టు, అంతే.

అమ్మా, ఒకటి మాత్రం అడగండి: థైరాయిడ్ పరీక్ష చేశారా? ఎప్పుడైనా నిద్ర లేకుండానే హుషారుగా, విపరీతంగా ఖర్చు పెడుతూ గడిపిన రోజులున్నాయా? ఉంటే డాక్టరుకు చెప్పి తీరాలి, వైద్యమే మారిపోతుంది.

రాయగడ పాతకాపు

కెల్లర్ పేరు మీరే తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. 2000లో ఆయన బృందం 681 మంది దీర్ఘకాల రోగుల మీద చేసిన పరిశోధనకు డబ్బు మందుల కంపెనీదే. అందులో పరీక్షించిన మందు నెఫాజొడోన్‌ను కాలేయానికి ముప్పన్న గొడవతో కంపెనీ 2004లో అమెరికాలో అమ్మకం మానేసింది. ఇక నమ్మేదెలా?

బరంపురం మందుల కొట్టు

నిజమే, అనుమానించాల్సిందే. కానీ సగమే చదివారు. అందులో మందు ఒక్కదానితో 48 శాతం, మాటల చికిత్స ఒక్కదానితో 48 శాతం మెరుగయ్యారు. రెండూ కలిపితే 73. మందు అమ్ముకునే కంపెనీ డబ్బుతో తేలింది, మాట కూడా మాత్రతో సమానమని! మన ఊళ్లలో ఆ మాటల చికిత్స దొరకదు, అసలు తగవు అక్కడ పెట్టుకోవాలి.

గుణుపురం మాస్టారు

మా ఇంటి సంగతి చెబుతాను. నేను పదిహేనేళ్లు ‘నా స్వభావం ఇంతే’ అనుకున్నాను. బాగున్న రోజు ఎలా ఉంటుందో తెలియనివాడికి బాగాలేదని ఎలా తెలుస్తుంది? మందు పట్టిన మూడు నెలలకు ఒక పొద్దున కాఫీ వాసన వేసింది. అంతకు ముందూ వచ్చే ఉంటుంది, నేను లెక్కచేయలేదు.

మరొకటి. మాది ఒడిశా కదా, డాక్టరు ఒడియాలో అడిగేవారు, మా అబ్బాయి తెలుగులో చెప్పేవాడు. ‘చావాలని అనిపిస్తోందా’ అన్న ప్రశ్న పద్దెనిమిదేళ్ల కొడుకు నోట వింటే ఏ తండ్రి అవునంటాడు? లేదన్నాను. అబద్ధం. అమ్మా, మీ అన్నయ్యను ఒంటరిగా మాట్లాడనివ్వండి. రాత్రివేళ ఏమైనా తేడాగా అనిపిస్తే 14416కు చేయండి, అది టెలిమానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోను, డబ్బు కట్టనక్కర్లేదు, భాష ఎంచుకోవచ్చు.

పాతకాపు గారూ, ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అంటాం. పుడకలంటే చితి మీదివి. ఆ సామెతను కుంగుబాటు ఉన్న ఇంట్లో వాడకండి.

రాయగడ పాతకాపు

మాస్టారూ, ఆ మాట నాకు తట్టలేదు. మందు మీద నా అనుమానం అలాగే ఉంది. అయినా ఉన్నపళంగా ఆపమని మాత్రం అనను. మా బావమరిది అలా ఆపి వారం పాటు తల తిరుగుడుతో మంచం పట్టాడు.

పర్లాకిమిడి ఆడపడుచు

థైరాయిడ్ చూడలేదు, గురువారం అడుగుతాం. నిన్న అన్నయ్యను ‘ఇంటర్‌కు ముందు ఎలా ఉండేవాడివి’ అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, ‘మహేంద్రతనయలో ఈతకు వెళ్లేవాణ్ణి కదూ’ అన్నాడు. అమ్మ వంటింట్లోంచి, ‘వద్దన్నా వినేవాడు కాదు’ అంది. గురువారం లోపలికి అన్నయ్య ఒక్కడే వెళతాడు. నేను బయట బల్ల మీద కూర్చుంటాను.