సమస్య: “ఒకటి నాల్గు మార్చ నొకటె ఫలము”

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. వస్తువు బండి ఇంజను: కాయిల్ ప్యాకు (ప్లగ్గులకు రవ్వ పుట్టించే పెట్టె), ప్లగ్గులు, తీగలు. కూడికల లెక్క చెప్పి తప్పించుకోవద్దు.

బడిపంతులు:
కూడునట్టి వేళ గూర్చుటెట్లైనను
మొత్తమైదె కాదె మొదటఁ దుదిని
బడిని నేర్చు మాట బంగారు మూటయే
ఒకటి నాల్గు మార్చ నొకటె ఫలము

ఛందోమిత్ర: పంతులు గారూ, వద్దన్నదే చేశారు! ధార బాగుంది. మూడో పాదం మాత్రం చోటు నింపడానికే వచ్చింది, తీసేసినా అర్థానికి లోటు లేదు.

గ్యారేజి కవి:
ఒక్క కాయిలిచ్చు నొకసారె రవ్వలు
చెరొక వైపు తీగ బిగించి చూడ
పనికి నొకటి వచ్చుఁ, బనిలేని దొకరవ్వ
ఒకటి నాల్గు మార్చ నొకటె ఫలము

ఛందోమిత్ర: మూడో పాదం చక్కగా వచ్చింది. రెండో పాదంలో ‘బిగించి’ జగణం, సూర్యగణం కాదు. దాంతో యతి కూడా పోయింది. ‘తీగఁ జేర్చి చూడ’ అంటే రెండూ సరి. అన్నట్టు, పనిలేని రవ్వ ఏమిటండీ?

గ్యారేజి కవి: సవరణకు ధన్యవాదాలండీ. పాత నాలుగు సిలిండర్ల బళ్లలో ప్యాకులో రెండే కాయిల్స్ ఉంటాయి. ఒకటి 1, 4 ప్లగ్గులకు, రెండోది 2, 3కు. 1, 4 పిస్టన్లు కలిసే పైకొస్తాయి. ఒకదానిలో పెట్రోలు గాలి నొక్కుకుని ఉంటే, రెండోదానిలో కాలిన పొగ బయటికి పోతుంటుంది. రవ్వ రెండింట్లోనూ ఒకేసారి పడుతుంది, పొగలో పడ్డది వృథా. అందుకే దీన్ని వేస్ట్ స్పార్క్ అంటారు. ఆ రెండు లావు తీగలూ అటుదిటు పెట్టినా ఇంజనుకు తేడా తెలియదు. అయితే రవ్వ ఎప్పుడు వేయాలో చెప్పడానికి ప్యాకుకు వచ్చే సన్న ట్రిగర్ తీగలు రెండూ తారుమారైతే రవ్వ 180 డిగ్రీల తేడాతో పడుతుంది, బండి స్టార్ట్ కాదు. లావు తీగకున్న స్వేచ్ఛ సన్నతీగకు లేదు.

పాతబండి: ఇది అన్ని బళ్లకూ చెల్లదు కవిగారూ. నా పూరణ ప్రశ్నార్థకంగా:
ప్లగ్గుకొక్క కాయి లమరిన బండిలో
వంతు తప్పి రవ్వ వచ్చెనేని
దగ్గుఁ బొగలు కక్కుఁ దడబడి యాగును
ఒకటి నాల్గు మార్చ నొకటె ఫలము?

ఛందోమిత్ర: ‘ప్ల’లోని లకారంతో ‘లమరిన’కు యతి వేశారు, భేష్.

గ్యారేజి కవి: ఒప్పుకుంటున్నా. వేరు వేరు కాయిల్స్ ఉన్నప్పుడు 1, 4 కనెక్టర్లు మారితే రవ్వ పొగ పోయే వేళకు పడుతుంది. బండి మిగతా రెండింటి మీద వణుకుతూ ఈడుస్తుంది, సైలెన్సర్‌లో టపటపమంటుంది. ‘పొగలు కక్కు’ కొంత అతిశయోక్తి, కవి హక్కు అనుకోండి. అయినా ఆ చివరి తీగ ఈ చివరికి అందదు. నిజంగా తారుమారయ్యేవి పక్కపక్కవే, 1, 2 లాంటివి.

కొత్తపెన్ను: తొలి ప్రయత్నం, తప్పులుంటే మన్నించండి.
కాయి లటును నిటును గదలించి చూచితి
చోటు మారదాయెఁ జూపు కోడు
తప్పు తీగదేమొ తడిసిన ప్లగ్గుదో
ఒకటి నాల్గు మార్చ నొకటె ఫలము

పాతబండి: ‘తడిసిన ప్లగ్గు’లో ‘న’ గురువు కాదా? గణం చెడుతుందేమో.

ఛందోమిత్ర: కాదండీ. అది సమాసం కాదు, విడి మాటలు. పక్క మాట మొదటి జంటాక్షరం వెనకదాన్ని గురువు చేయదు.

గ్యారేజి కవి: ఈ రోజుకు నాకు నచ్చిన పూరణ ఇదే! సమస్యను మలుపు తిప్పింది. ప్లగ్గుకొక్క కాయిల్ ఉన్న బండికి తప్పుల కోడు చదివే స్కానర్ పెడితే పీ0301 వచ్చిందనుకోండి, 1లో మిస్‌ఫైర్, అంటే ఆ సిలిండర్ సరిగా మండటం లేదు. ఇంజను ఆపి 1, 4 కాయిల్స్ మారుస్తాం. కాయిల్ మాత్రమే మారాలి, కనెక్టర్ ఎక్కడిదక్కడే ఉండాలి. కోడు పీ0304 అయితే దొంగ కాయిలే. పీ0301 అక్కడే కూర్చుంటే కాయిల్ నిర్దోషి. ప్లగ్గు, ఇంజెక్టరు, వైరింగు చూడాలి. ప్లగ్గు గుంటలో ఆయిల్ నిలిచిందంటే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోయినట్టే. చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటున్నా నడిపితే కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని తినేస్తుంది. కాయిల్ కంటే చాలా ఖరీదు అది.

బడిపంతులు: నాది ఆల్టో, మూడే సిలిండర్లు. నాలుగు ఎక్కడినుంచి తేను?

నిర్వాహకుడు: అందుకేనా కూడికలోకి దిగారు! వచ్చే సమస్యలో మూడు పెడతాను లెండి.